వారి సౌజన్యంతో

14 సెప్టెంబర్ 1998, సోమవారం

ఈ డైరీ జనవరిలో కంపెనీ వాళ్ళు పోచయ్య అన్నకు ఇచ్చింది. అన్నకు రాసే అలవాటు లేదు, నా దుకాణంలో పడేసి పోయాడు. ఎనిమిది నెలల పేజీలు చించి చేతులకంటిన సిరా తుడుచుకున్నాను. మిగిలిన వాటిలో రాస్తాను. ఎవరితోనైనా అంటే పొద్దుగూకేలోపు ఊరంతా పాకుతుంది. ఇందులో అంటే ఇందులోనే ఉంటుంది.

ఇవాళ నాలుగు వందల పుర్రెలు వేశాను. కంపెనీ డ్రమ్ముల మీద అంటించే స్టిక్కర్లు: ఎర్ర పుర్రె, కింద రెండు ఎముకలు, 'ప్రమాదం' అన్న మాట. పటాన్‌చెరు బస్టాండు వెనక ఈ స్క్రీన్ ప్రింటింగ్ దుకాణం పెట్టి పదకొండేళ్ళయింది. పెళ్ళి కార్డులు ముహూర్తాలప్పుడు, పుర్రెలు ఏడాది పొడుగునా.

నిన్న ఊరికి పోయాను. అవ్వ బావిలోంచి చెంబు ముంచి చూపించింది.

"చాయ్ లెక్క అయినయి బిడ్డా. పాలు పోసుడొక్కటే తక్కువ."

నవ్వాను. తిరుగు బస్సులో ఏడుపొచ్చింది. ఏడవలేదు.

కంపెనీ వెనక గోడ దాటి వాగు, వాగు దాటితే మా బావి. అన్న పనిచేసేది ఆ కంపెనీలోనే, కాంట్రాక్టు మీద, తొమ్మిదేళ్ళుగా. వచ్చే జనవరిలో పర్మినెంట్ చేస్తామన్నారట. పోయిన జనవరిలో కూడా అన్నారు.

17 సెప్టెంబర్, గురువారం

వృథా కాగితం కోసం సంగారెడ్డిలో పాత పేపర్ల దుకాణానికి పోతే అట్టలేని పుస్తకం ఒకటి దొరికింది. నూటయాభై ఏళ్ళ నాటిదట. పేజీకి ఒక మొక్క: వేరు, కాండం, ఆకు, పువ్వు, పక్కనే పువ్వును నిలువునా కోసి చూపించిన చిన్న బొమ్మ, కింద నోరు తిరగని పేరు. వెంట్రుక కంటే సన్నని గీతలు. డ్రాయింగ్ హయ్యర్ పాసైన దాన్ని, అట్లాంటి గీత నా జన్మలో గీయలేదు.

గీయించిన దొర పేరు ప్రతి పేజీ కిందా ఉంది. గీసిన వాడి పేరు ఎంత వెతికినా లేదు. ఏ మనిషో, ఏ ఊరివాడో, మన మొక్కల్ని మనవాడు కాక ఇంకెవరు అంత ప్రేమగా గీస్తారు! చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం దొరల కాలం నుంచే ఉందన్నమాట.

20 సెప్టెంబర్, ఆదివారం

మొదటిది తిప్పతీగ. పుస్తకంలో బొమ్మ మీద పారదర్శక కాగితం పెట్టి నల్ల సిరాతో ఎత్తుకున్నాను. ఆ తీగకు గాలిలో వేలాడే ఊడలు ఉంటాయి కదా, వాటి చివర్లు కొంచెం లావు చేశాను. ఇంకొంచెం చేశాను. నల్లాలైనాయి. ఒక్కదాంట్లోనూ చుక్క లేదు. పక్కన కోసి చూపించిన కాయలో గింజలకు బదులు నా పుర్రెల్ని బియ్యపు గింజంత చేసి పేర్చాను.

రెండడుగుల దూరం నుంచి చూస్తే దొరగారి పుస్తకం. ముక్కు ఆనించి చూస్తే మా ఊరు.

పేరులో ఒక్క అక్షరం చేర్చాను. తిప్పలతీగ.

డాబా మీద బొమ్మ దిగేదాకా స్క్రీన్‌ను ఎండకు పెట్టి, కడిగి, మూడు కాపీలు తీశాను. ఆకుపచ్చ ఒకసారి, గోధుమరంగు ఒకసారి. కాగితం పాతదిగా కనబడాలని మా బావి నీళ్ళలో ముంచి ఆరబెట్టాను. చాయ్ పొడి ఖర్చు లేదు.

ఊరికే చేశాను. సరదాకి.

21 సెప్టెంబర్

ఊరికే ఏం కాదు.

12 అక్టోబర్, సోమవారం

కంపెనీ నుంచి రాజారావు వచ్చాడు, లేబుళ్ళ ఆర్డరు పట్టుకొని. అడ్మిన్ ఆఫీసరు. గోదావరి వైపు మనిషి, పదిహేడేళ్ళుగా ఇక్కడే ఉంటున్నా ఆ మాట మారలేదు, ఆ మెళ్ళో తాడు కట్టిన కళ్ళజోడూ మారలేదు. నాకు ఆయనంటే పాత కోపం ఒకటుంది. నాలుగేళ్ళ కింద కంపెనీ గేటు లోపల పెట్టడానికి బోర్డు వేయమంటే 'జెర పైలం' అని పెద్దక్షరాల్లో వేసి పంపాను. వెనక్కి పంపించాడు. "పైలం అంటే ఏమిటండీ? పహిల్వానా?" అన్నాడు. కొట్టేయించి 'తగు జాగ్రత్త వహించవలెను' అని వేయించాడు.

ఆరబెట్టే తాడు మీద తిప్పలతీగ వేలాడుతోంది. తీసేయడం మరిచిపోయాను. కళ్ళజోడు పెట్టుకొని దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. నా గుండె దడదడలాడింది. (భయం కాదు. వేడికి.)

"పాత పుస్తకంలోదాండీ?"

"అవ్ సార్."

"తిప్పతీగ కదూ? 'ల' ఎక్కువ పడినట్టుందే."

"మా దిక్కు గట్లనే అంటరు సార్."

"అలాగా," అని, ఒకటి ఇమ్మని అడిగి, చుట్ట చుట్టి పట్టుకుపోయాడు. పిల్లి కళ్ళు మూసుకొని పాలు తాగినట్టు, నన్నెవరూ చూడలేదనుకుంటూ ఇప్పుడిది రాస్తున్నాను.

20 అక్టోబర్, మంగళవారం

నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. జనరల్ మేనేజరుకు ఆ బొమ్మ తెగ నచ్చిందట! ఈసారి కొత్త సంవత్సరం క్యాలెండర్ 'పచ్చదనం' మీద ఉండాలట. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పంచుతారట. అట్లాంటి పాతకాలపు మొక్కలు పన్నెండు, కింద స్థానిక నామాలతో సహా కావాలట. 'స్థానిక నామాలు' అన్న మాట రాజారావుదే.

ఒప్పుకున్నాను. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడమేత కోసం అన్నట్టు, అన్నకు చెప్పాను, "ఆర్డర్ వచ్చింది, కాదంటే బాగుండదు" అని.

8 నవంబర్, ఆదివారం

రందితీగ అయింది. మొగ్గలన్నీ ముడుచుకున్న పిడికిళ్ళు.

బుగులుకాయ అయింది. పగలగొడితే లోపల భయమే: గ్యాసు సైరను.

యాష్టపూలు: బిందెల వరుస, ట్యాంకరు కోసం.

గోసగడ్డ, ఆగమాకు, లొల్లిమొగ్గ: మా బాధ, మా పాడైన బతుకు, మా గొడవ. ఆగమాకు ఒక పక్క ఆకు, ఇంకో పక్క పక్కకొరిగిన చేప.

ఇంత హాయిగా ఎన్నడూ పని చేయలేదు. చేతులకు వేరే ఎవరో ప్రాణం పోసినట్టుంది. పుస్తకంలో పేరు లేని ఆ మనిషితో మాట్లాడుతున్నాను: నువ్వు గీసిన గీత నేను పాడు చేయడం లేదు, నీ మొక్క ఇప్పుడెట్లుందో చూపిస్తున్నాను అని.

19 నవంబర్, గురువారం

ప్రూఫ్ తీసుకొని కంపెనీకి పోయాను. జనరల్ మేనేజరు ఉత్తరాది మనిషి, బల్లకు ఆ చివర కూర్చొని "వా, బ్యూటిఫుల్" అన్నాడు. ఆ చివర నుంచి చూస్తే బ్యూటిఫులే. తెలుగు చదవడం రాదు కనుక పేర్లు చూడమని రాజారావుకిచ్చాడు.

రాజారావు ఒక్కొక్కటే పైకి చదివాడు. గుడిలో మంత్రం చదివినట్టు, అంత స్పష్టంగా. "రందితీగ. బుగులుకాయ. యాష్టపూలు." నా పెదవి లోపలి నుంచి కొరుక్కున్నాను.

"ఈ బుగులుకాయ ఎక్కడ కాస్తుందండీ?"

"వాగు పొంటి సార్. మస్తు కాస్తది."

"తింటారా?"

"తినకున్నా లోపటికి పోతది సార్."

తలాడించి జనరల్ మేనేజరుతో ఇంగ్లిషులో ఏదో అన్నాడు. జానపద నామాలు, అరుదైనవి, అట్లాంటిదేదో. బయటికి వచ్చి కంపెనీ గోడ చాటున నిలబడి కడుపు పట్టుకొని నవ్వాను. పదిహేడేళ్ళు మా మధ్యన బతికి, రంది అంటే దిగులని తెలియక తీగ అనుకునే మనిషి! ఇట్లాంటి వాళ్ళ దయతోనే మన పని సాగాలి.

23 నవంబర్, సోమవారం

ప్రూఫ్ వెనక్కి వచ్చింది. ప్రతి పేజీ మీదా రాజారావు సంతకం. కానీ పాడు చేశాడు. కంపెనీ పేరు నేను అట్టడుగున, తేదీల గళ్ళ కింద, చిన్నగా 'కంపెనీ సహకారం' అని వేశాను. ఎర్రసిరాతో దాన్ని కొట్టేసి, బాణం గీసి, ప్రతి మొక్క పేరు కిందనే, పెద్దక్షరాల్లో 'కంపెనీ వారి సౌజన్యంతో' అని రావాలన్నాడు. పన్నెండు పేజీల్లోనూ.

ఉద్యోగం కోసం ఎంత పొగడ్తయినా మోస్తారు కాబోలు. నా బొమ్మల నెత్తిన కంపెనీ టోపీ. అయినా వేస్తాను. పేర్లు మిగిలాయి కదా, అదే చాలు.

11 డిసెంబర్

ఎండ సరిగా లేదు. రెండు స్క్రీన్లు చెడిపోయాయి. వేస్తున్నాను.

30 డిసెంబర్, బుధవారం

ఎనిమిది వందల క్యాలెండర్లు కంపెనీ జీపులో పోయాయి.

నాకు భయం లేదు.

1 జనవరి 1999, శుక్రవారం

డైరీలో తారీఖులు అయిపోయాయి. వెనక 'చిరునామాలు' అని గీతలున్న పేజీల్లో రాస్తున్నాను. నాకు రాసుకోవాల్సిన చిరునామాలు ఎట్లాగూ లేవు.

పొద్దున ఊళ్ళోనే ఉన్నాను. ట్యాంకరు కోసం బిందెలు వరుసన పెట్టి ఆడవాళ్ళు కూర్చున్నారు. పంచాయతీ ఆఫీసు గోడకు కంపెనీ వాళ్ళు క్యాలెండర్ కొట్టిపోయారు. పొలాల్లో కైకిలికి పోయే బక్కమ్మ లేచి పోయి దాన్ని చూసి, "మంచిగున్నది బొమ్మ. ఏం తీగ పోచిగా ఇది? సదువు జెర," అంది. అన్న నైటు షిఫ్టు నుంచి అప్పుడే దిగాడు. అన్న చదివాడు, కూడబలుక్కుంటూ.

"రంది... రందితీగ."

"రందితీగనా?"

"గట్లనే ఉన్నది. కంపెనీ... వారి... సౌజన్యంతో."

అన్నే మొదట నవ్వాడు, తనకే తెలియకుండా. తర్వాత బక్కమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది. "ఇంకోటి సదువు, ఇంకోటి సదువు" అని అందరూ మీద పడ్డారు. బుగులుకాయ, కంపెనీ వారి సౌజన్యంతో. గోసగడ్డ, కంపెనీ వారి సౌజన్యంతో. ఆగమాకు దగ్గర బక్కమ్మ నేల మీద చతికిలబడింది. "నిజమే గదనే! పాపం, పేరు దాసుకోకుంట ఏసుకున్నరు!"

ట్యాంకరు వచ్చి హారన్ కొట్టినా ఎవరూ లేవలేదు.

అప్పుడు తెలిసింది నాకు, ఆ మాట లేకపోతే నా పేర్లు వట్టి పేర్లేనని. ఎర్రసిరా బాణంతో రాజారావు తెలియక పెట్టిన టోపీయే మొత్తం క్యాలెండర్‌కు ప్రాణం. అయినా నవ్వింది నేను వేసిన దానికే కదా. ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

అన్న నవ్వు ఆగిపోయాక నా వైపు చూసిన చూపు మాత్రం నచ్చలేదు.

4 జనవరి, సోమవారం

కంపెనీ క్యాంటీన్‌లో "ఏమన్నా, బుగులుకాయ తిన్నవా?" అని పలకరించుకుంటున్నారట. రుద్రారం బస్సులో కండక్టరు కూడా అన్నాడు. భానూర్ నుంచి ఎవరో వచ్చి క్యాలెండర్ ఉందా అని అడిగారు.

ఇంత సంతోషం దాచుకోవడం కష్టంగా ఉంది.

6 జనవరి, బుధవారం

జనరల్ మేనేజరు పిలిపించాడు. ఎవరో అర్థం చెప్పారు. పన్నెండు పేర్లకూ అర్థాలు టైపు చేసి బల్ల మీద పెట్టుకున్నాడు. రాజారావు గదిలో లేడు.

నేను తిట్లకు సిద్ధపడి పోయాను. తిట్టలేదు. చాయ్ తెప్పించాడు.

"ప్రూఫ్ లావో, బస్. తుమ్హారా కుఛ్ నహీ హోగా."

సంతకం ఉన్న ప్రూఫ్ తెచ్చిస్తే నాకేం కాదట. పేర్లు చూడాల్సింది రాజారావు, చూడలేదు, తప్పు ఆయనది. ఆయన్ను పంపించేస్తారు. నేను 'తెలియక జరిగిన అచ్చుతప్పు' అని ఒక కాగితం రాసివ్వాలి. నా ఆర్డర్లు నాకే ఉంటాయి. లేస్తుంటే, మీ అన్న పేరు పర్మినెంట్ లిస్టులో ఉందని తెలిసి సంతోషించాను అన్నాడు. లిస్టు పదహారున వస్తుంది.

ప్రూఫ్ నా బీరువాలోనే ఉంది.

7 జనవరి, గురువారం

సంతకం ఆయనదే. నేను అబద్ధం చెప్పడం లేదు కదా. ఆయన సంతకం ఆయన పెట్టాడు, పెట్టమని నేను చెయ్యి పట్టుకోలేదు. మాట తెలియకపోతే అడగాలి. అడిగాడు అనుకో. అడిగితే నేను చెప్పిందేమిటి? అది వేరే.

అన్న సాయంత్రం దుకాణానికి వచ్చాడు.

"సంతకం సూపెట్టు చెల్లె, అయిపోతది. ఆయన మనోడా, బయటోడా?"

"అచ్చుతప్పు అని రాయాల్నట అన్నా."

"రాయి. కాయితం మీద రాస్తే ఏం బోతది? నీ పెయ్యిల కండ కోసిమ్మంటున్నరా?"

సంతకం ఆయనదే. రేపు ఇచ్చేస్తాను.

8 జనవరి, శుక్రవారం

ఇవ్వలేదు. జరిగింది వరుసగా రాస్తాను, లేకపోతే నాకే నమ్మబుద్ధి కాదు.

ప్రూఫ్ సంచిలో పెట్టుకొని దుకాణానికి తాళం వేస్తుంటే రాజారావు వచ్చాడు. నడిచి వచ్చాడు, కంపెనీ జీపు లేదు. స్టూలు మీద కూర్చొని మంచినీళ్ళు అడిగాడు. ఇచ్చాను.

"ప్రూఫ్ ఇచ్చేయండమ్మా వాళ్ళకి. అదే చెబుదామని వచ్చాను. నాకు రెండేళ్ళే సర్వీసుంది. మీ అన్నయ్యకి ముందు జీవితమంతా ఉంది."

నాకు సిగ్గేసింది. ఇక నిజం చెప్పేద్దామనుకున్నాను. "సార్, మీకు తెల్వక సంతకం పెట్టిన్రు. రంది అంటే..."

"దిగులు," అన్నాడు. "బుగులంటే భయం. యాష్ట అంటే విసుగుపుట్టి ప్రాణం చాలించుకోవాలనిపించడం. మా భాషలో దానికి సరైన మాట లేదమ్మా."

సంచి బల్ల మీద పెట్టేశాను.

అప్పుడు చెప్పాడు. నాలుగేళ్ళ కింద నా 'జెర పైలం' బోర్డు మార్పించాక, నెల తిరక్కుండా హత్నూర నుంచి కొత్తగా పనిలో చేరిన ఒకాయన ఆసిడ్ పైపు దగ్గర చెయ్యి కాల్చుకున్నాడట. బోర్డు చదవలేదా అని ఆసుపత్రిలో రాజారావే అడిగాడట. "సదివిన సార్. గదేదో ఆఫీసర్ల కోసం రాసిన్రనుకున్న," అన్నాడట ఆ మనిషి.

"ఆ రోజు నుంచి మీ మాటలు ఒక్కొక్కటే నేర్చుకున్నానమ్మా. క్యాంటీన్‌లో, బస్సులో. నోటికి రావు, చెవికి వచ్చాయి. తాడు మీద మీ తిప్పలతీగ చూసిన రోజే అనుకున్నాను, ఇది పంచి పెట్టించాలి అని."

"మరి కంపెనీ పేరు..."

"అడుగున ఉంటే ఎవరు చదువుతారు? పేరు పక్కనే ఉంటే గదా అందం." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నవ్వుతున్నాడు. "ప్రతి నెలా నీళ్ళ పరీక్ష రిజిస్టర్లో 'సంతృప్తికరం' అని రాసి సంతకం పెడతానమ్మా. పదిహేడేళ్ళలో తెలుగులో నేను రాసిన నిజం ఆ 'సౌజన్యంతో' ఒక్కటే."

లేచి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, కొత్తగా నేర్చుకున్న పాఠం ఒప్పజెప్పినట్టు అన్నాడు: "జెర పైలం, అమ్మా."

ఎంత తక్కువ చూశాను ఆ మనిషిని! నేనొక్కదాన్నే తెలివిగలదాన్నని, నేనొక్కదాన్నే ధైర్యస్తురాలినని నెలల తరబడి ఈ పేజీల్లో నాకు నేనే చప్పట్లు కొట్టుకున్నాను. నా క్యాలెండర్‌లో అసలు దెబ్బ ఆయన కొట్టాడు. కొట్టి, నన్ను ఒడ్డున పడేయడానికి తన మెడ చాపుతున్నాడు.

9 జనవరి, శనివారం

ప్రూఫ్ ఇవ్వనని అన్నతో చెప్పాను. చెప్పకుండా చేయడం దొంగతనం. అంతా విన్నాడు.

"ఆయన పోతే ఇంకో ఆఫీసర్ వస్తడు. నా తొమ్మిదేండ్లు ఎవలిస్తరు?"

అన్న లేచి గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు.

"నీ బొమ్మలు కాయితం మీద గియ్యలె సుమిత్రా. నా కంచంల గీసినవ్."

అవ్వ మధ్యకు రాలేదు. అన్న పోయాక మాత్రం నా ముందు పళ్ళెం పెట్టి, "ఏంజేస్తవో చెయ్. చేసినంక మల్ల ఏడ్వకు," అంది.

10 జనవరి, ఆదివారం

పొద్దున్నే ప్రూఫ్‌ను పొయ్యిలో పెట్టాను. పన్నెండు పేజీలూ, పన్నెండు సంతకాలూ, ఆ ఎర్రసిరా బాణాలు కూడా. ఆ మాట ఆయనదే అనడానికి ఇంకే రుజువూ మిగల్లేదు. ఆ పుస్తకంలో బొమ్మలు గీసిన మనిషిలాగే ఆయన పేరూ లేకుండా పోయింది, అదీ నా చేతులతో. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను.

తర్వాత ఉత్తరం రాశాను. నకలు:

*జనరల్ మేనేజర్ గారికి,*

*మీ క్యాలెండర్‌లో అచ్చుతప్పు ఏదీ లేదు. పన్నెండు బొమ్మలూ నేను గీసినవే. పన్నెండు పేర్లూ నేను పెట్టినవే. తెలిసే పెట్టాను. మీరడిగిన ప్రూఫ్ నా దగ్గర లేదు. పేర్లకు అర్థం సరిగా టైపు చేశారో లేదో అనుమానం ఉంటే వాగు ఒడ్డున ఏ ఊళ్ళోనైనా అడగండి, నీళ్ళ ట్యాంకరు వచ్చే వేళకు వెళితే అందరూ ఒకేచోట దొరుకుతారు.*

*మీ సౌజన్యానికి కృతజ్ఞతలతో,*
*సుమిత్ర*

11 జనవరి

ఇచ్చి వచ్చాను. చాయ్ ఇవ్వలేదు.

16 జనవరి, శనివారం

లిస్టు వచ్చింది. అన్న పేరు లేదు.

19 జనవరి

రాజారావు గారిని గోడౌన్‌కు మార్చారు. రుజువు లేక ఉద్యోగం తీయలేకపోయారట.

కంపెనీ ఆర్డర్లు ఆగిపోయాయి. పదకొండేళ్ళలో పుర్రె వేయని వారం ఇదే. చేతులు ఊరుకోవడం లేదు. క్యాలెండర్లు వెనక్కి ఇమ్మని కంపెనీ జీపు ఊరూరా తిరుగుతోందట. ఎనిమిది వందల్లో వాళ్ళకు చేరినవి ముప్పై. "గోడకు అంటుకపోయింది సార్, వస్తలేదు," అని చెప్పిందట బక్కమ్మ, మేకుకు వేలాడుతున్న క్యాలెండర్ ముందు నిలబడి.

నాకు భయం లేదు. (ఉంది. ఉన్నా సరే.)

24 జనవరి

అన్న మాట్లాడడం లేదు. పదిహేను రోజులు. నేను పోతే పెరట్లోకి పోతాడు. నేను చేసింది తప్పని నేననుకోవడం లేదు, కానీ ఒప్పు చేసినందుకు ఇంత బరువుగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

31 జనవరి, ఆదివారం

ఇదే చివరి పేజీ. పైన 'ముఖ్యమైన ఫోన్ నంబర్లు' అని ఉంది.

మధ్యాహ్నం ఒక పెళ్ళి కార్డుకు అక్షరాలు సర్దుతుంటే అన్న వచ్చాడు. రాజారావు గారు కూర్చున్న స్టూలు మీదే కూర్చున్నాడు. మంచినీళ్ళిస్తే తాగాడు. గోడకున్న తిప్పలతీగను చూశాడు.

"పదమూడోది ఏస్తవా?" అన్నాడు.

"ఏం చెట్టన్నా?"

"పర్మినెంట్ చెట్టు."

నేను నవ్వలేదు. అన్న మొహం చూస్తున్నాను.

"ఏటా పూస్తది," అన్నాడు. "జనవరిల విరగబూస్తది. కాయ మాత్రం కాయది."

"ఎట్లుంటది?"

"ఎత్తుగుంటది. అందరు దాని కిందనే నిలవడి మీదికి సూస్తుంటరు. మెడలు గుంజుతయి గని నీడ ఉండది."

అట్టలేని పుస్తకం తీశాను. ఇద్దరం తల ఆనించి పేజీలు తిప్పాం. కాండం నిటారుగా ఉన్నది ఒకటి దొరికితే "గిదే" అన్నాడు. పారదర్శక కాగితం పరిచి ఎత్తుకోవడం మొదలుపెట్టాను. కొమ్మ కొమ్మకూ ఒక హెల్మెట్ పూయించాను. వేళ్ళ దగ్గర తొమ్మిది వలయాలు వేస్తుంటే లెక్కపెట్టుకున్నాడు.

పేరు రాశాను. పర్మినెంట్ చెట్టు. కింద, దొర పేరు ఉండే చోట, 'చెప్పింది పోచయ్య, గీసింది సుమిత్ర' అని రాశాను. రేపు ఎండకు పెట్టాలి అని కాగితం తీయబోతే, "ఆగు," అని నా చేతిలోంచి కలం తీసుకున్నాడు అన్న. రాసే అలవాటు లేని మనిషి, నాలుక మునిపళ్ళ మధ్య పెట్టి, ఒక్కో అక్షరం దగ్గర ఆగుతూ రాశాడు.

'కంపెనీ వారి సవుజన్యంతో.'

అచ్చుతప్పే. అట్లాగే అచ్చేస్తాను.